సుధీర్‌కు, జన్యు పరీక్ష సంగతి

చిరంజీవి సుధీర్‌కి, అమ్మ ఆశీస్సులు.

డీ-అడిక్షన్ సెంటర్ వాళ్ళిచ్చిన జన్యు పరీక్ష కాగితం పంపి "చేయించుకోనా?" అని అడిగావు. చేయించుకో నాన్నా. కాకపోతే దేనికోసమో ముందే తేల్చుకో. నువ్వు మళ్ళీ తాగుతావో లేదో ఆ రిపోర్టు చెప్పదు. ఏ మాత్ర నీ ఒంటికి పడుతుంది, ఏది పడదు, ఏది ప్రమాదం అన్నది మాత్రం కొంతవరకు చెబుతుంది. డబ్బు పెడితే దానికే పెట్టాలి.

తాగుడు వ్యసనంలో వంశపారంపర్యం వాటా సుమారు సగమని కవలల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. ఆ సగమూ ఒక్క జన్యువులో కూర్చుని లేదు, లెక్కలేనన్ని చిన్న తేడాలుగా చెదిరి ఉంది. అందుకే వ్యసనం రిస్కును రంగుల మీటరులో చూపించే ప్యాకేజీ వద్దు. అమెరికాలో 15 జన్యు తేడాలు చూసి ఓపియాయిడ్ (నల్లమందు జాతి నొప్పి మందులు) వ్యసనం రిస్కు చెప్పే 'అవర్ట్‌డి' పరీక్షకు 2023 డిసెంబరులో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అంతకు ముందు ఏడాది వాళ్ళ సొంత సలహా కమిటీయే, దానివల్ల కలిగే లాభం నష్టాన్ని మించదని 11–2 ఓట్లతో చెప్పింది. "రిస్కు ఎక్కువ" అని వస్తే నా రాత ఇంతే అనిపిస్తుంది. "తక్కువ" అని వస్తే ఒక్క పెగ్గుకు ఏమవుతుందిలే అనిపిస్తుంది. రెండూ నీకు చేటే.

నీకు పనికొచ్చేది సీవైపీ2సీ19 అనే జన్యువు పరీక్ష. దిగులుకు నువ్వు వేసుకుంటున్న ఎస్సిటాలోప్రామ్‌ను లివర్‌లో ఎక్కువగా విరగ్గొట్టేది ఆ జన్యువు తయారుచేసే ఎంజైమే. దాన్ని పనిచేయనీయని *2 రకం మన దేశంలో చాలామందికి ఉంది. అమ్మ నుంచి, నాన్న నుంచి వచ్చిన రెండు కాపీలూ అదే అయితే రిపోర్టులో *2/*2, పూర్ మెటబొలైజర్ అని ఉంటుంది. అలాంటివాళ్ళకి మామూలు మోతాదు కూడా రక్తంలో పేరుకుపోయి వికారం, వణుకు, నిద్రపట్టకపోవడం వస్తాయి. అవన్నీ తాగుడు మానినందువల్లే అనుకుని చాలామంది మాత్ర ఆపేస్తారు. దాంతో దిగులు తిరగబెడుతుంది, దాని వెనకే సీసా వస్తుంది. ఈ ముప్పు తప్పించడానికే ఈ పరీక్ష అంటున్నాను. పూర్ అని వస్తే డాక్టరు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు, లేదా వేరే మాత్రకు మారుస్తారు. *17 వస్తే దీనికి తిరగేసి ఉంటుంది, మాత్ర త్వరగా కరిగిపోయి పని చేయకపోవచ్చు. ఏది వచ్చినా నీ అంతట నువ్వు మోతాదు మార్చకు, ఉన్నట్టుండి ఆపకు.

రెండోది సీవైపీ2డీ6. ట్రమడాల్, కోడీన్ లాంటి నొప్పి మాత్రలు ఒంట్లో పనిచేసే రూపానికి మారేది దీనివల్లే. ఎంజైము మందకొడిగా ఉంటే నొప్పి తగ్గదు, మరీ చురుగ్గా ఉంటే మత్తు ఎక్కువై ఊపిరి మందగిస్తుంది. వ్యసనం నుంచి బయటపడుతున్నవాళ్ళు వీటికి ఎలాగూ దూరంగా ఉండాలి. పన్ను పీకించుకున్నా, ఎముక విరిగినా ఆ మాట డాక్టరుకి ముందే చెప్పు. ఈ జన్యువు కొందరిలో పూర్తిగా లేకుండా పోతుంది, కొందరిలో రెండు మూడు కాపీలు ఎక్కువుంటాయి. చవక పరీక్షలు ఆ లెక్క చూడవు. "కాపీ నంబర్ చూస్తారా?" అని ల్యాబ్‌ను అడుగు. ఇంకో సంగతి, సిగరెట్ మానడానికి బుప్రోపియాన్ ఇస్తే అది ఈ ఎంజైమును అణిచేస్తుంది. అప్పుడు రిపోర్టులో నార్మల్ అని ఉన్నా నీ ఒళ్ళు పూర్ లాగే నడుస్తుంది. ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ కూడా అంతే.

ఫిట్స్‌కు, మూడ్ నిలకడకు ఇచ్చే కార్బమజెపిన్ రాస్తే మాత్రం మొదటి మాత్ర వేసుకోకముందే హెచ్‌ఎల్‌ఏ-బి*15:02 అనే జన్యు రకం ఉందేమో పరీక్ష చేయించమని అడుగు. ఆ రకం ఉన్నవాళ్ళకి ఒళ్ళంతా చర్మం ఊడిపోయే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది, ప్రాణం మీదికి వస్తుంది. లేదని వచ్చినా నిశ్చింతగా ఉండకు. దద్దుర్లతో పాటు నోట్లో గానీ కళ్ళలో గానీ పుండ్లు కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళు.

తాగాలనే కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ 50 మి.గ్రా. పనిచేస్తుందో లేదో ఓపీఆర్ఎం1 జన్యువు చూసి చెబుతామంటారు. దానికి డబ్బు పెట్టొద్దు. 2003లో ఆశ పుట్టించిన ఆ లెక్క 2015లో ముందుగా జన్యువు చూసి విడదీసి చేసిన ట్రయల్‌లో నిలబడలేదు. ఆ మాత్ర మొదలుపెట్టే ముందు లివర్ పరీక్ష చూసుకోవాలి, ఓపియాయిడ్లు వాడి ఉంటే ఆపి కనీసం 7–10 రోజులు గడవాలి. పీఎన్‌పీఎల్‌ఏ3 జన్యువులో ఒక తేడా ఉంటే లివర్ త్వరగా గట్టిపడే ముప్పు ఎక్కువ. అది ఉన్నా లేకున్నా తాగకపోవడం, బరువు తగ్గడం, లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ తప్పవు.

కొద్దిగా తాగినా మొహం ఎర్రబడి గుండె దడదడలాడే ఏఎల్‌డీహెచ్2 తేడా చైనా, జపాన్, కొరియాల్లో ఎక్కువ, మనలో అరుదు. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర, తాగితే అదే స్థితిని కావాలని తెప్పిస్తుంది. నీకు అది రాస్తే దగ్గు సిరప్, మౌత్‌వాష్‌ల లేబుళ్ళు చదువు. ద్రాక్షారిష్టం లాంటి అరిష్టాలు, ఆసవాలు అసలు ముట్టుకోకు, పులియబెట్టి చేస్తారు కాబట్టి వాటిలో ఆల్కహాల్ ఉంటుంది. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఈ జాగ్రత్త ఉండాలి.

శాంపిల్ ఉమ్ము అయితే ముందు అరగంట టీ, గుట్కా, సిగరెట్, చూయింగ్ గమ్, చివరికి మంచినీళ్ళు కూడా వద్దు. ట్యూబు మీది గీత దాకా ఉమ్మే చేరాలి, నురగ లెక్కలోకి రాదు. తక్కువైతే మళ్ళీ రమ్మంటారు. నువ్వు వాడే మాత్రలు డీఎన్‌ఏను మార్చవు కాబట్టి ఏదీ ఆపనక్కర్లేదు. ల్యాబ్‌ల నాణ్యత చూసే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ చూసుకో. 'నార్మల్' అని ఒక్క మాట రాసిచ్చేవాళ్ళు వద్దు, *1/*2 అని (*1 అంటే మామూలు రకం) విడిగా రాసివ్వాలి. ఒక జన్యువును ఒకసారి సరిగ్గా చూస్తే ఆ ఫలితం మారదు, అందుకని రిపోర్టు దాచుకో.

రాత్రిపూట మనసు పట్టు తప్పుతోందనిపిస్తే రిపోర్టు కోసం ఆగకు, నాకు ఫోన్ చెయ్యి. లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు.

రిపోర్టు రాగానే పీడీఎఫ్ నాకూ పంపు. స్టెంటు వేశాక రక్తం గడ్డకట్టకుండా నాన్నగారు వాడుతున్న క్లోపిడోగ్రెల్ పనిచేయాలన్నా సీవైపీ2సీ19 సరిగా ఉండాలి. నీలో *2 కనిపిస్తే అది మా ఇద్దరిలో ఒకరి నుంచి గానీ, ఇద్దరి నుంచి గానీ వచ్చినదే అయి ఉంటుంది. ఆయన గుండె డాక్టరుకి కూడా చూపిస్తాను.

ప్రేమతో,
అమ్మ