సరుకు బాగానే ఉంది, కాగితాలేవి?

సంపాదకులకు,

అయ్యా,

మన తెలుగువాళ్లు తయారు చేసిన వైర్‌లెస్ పరికరాలు యూరప్‌కు వెళ్తున్నాయని మీ బిజినెస్ పేజీల్లో వార్తలు చదివినప్పుడల్లా సంతోషంగానే ఉంటుంది. చివర్లో ‘సీఈ సర్టిఫికెట్ కూడా వచ్చింది’ అన్న వాక్యం కనబడితే మాత్రం టెన్షన్ మొదలవుతుంది. జర్మనీలో ఒక చిన్న దిగుమతి సంస్థలో ఆ కాగితాలు సరిచూడటమే నా ఉద్యోగం.

సీఈ అంటే పరికరం యూరప్ నిబంధనల ప్రకారమే ఉందని చెప్పే ముద్ర. వైఫై, బ్లూటూత్, లోరా (తక్కువ కరెంటుతో దూరానికి సమాచారం పంపే పద్ధతి) ఉన్న మామూలు పరికరాలకు యూరప్‌లో ఏ ప్రభుత్వమూ సీఈ సర్టిఫికెట్ ఇవ్వదు. ‘నా పరికరం మీ చట్టం ప్రకారమే ఉంది, బాధ్యత నాది’ అని తయారీదారే సంతకం పెట్టి ఇచ్చే డిక్లరేషన్ ఆధారంగానే ఆ ముద్ర వేసుకుంటారు. దీనికి మూలం 2014/53 నంబరు రేడియో పరికరాల డైరెక్టివ్, అంటే యూరోపియన్ యూనియన్ చట్టం. 2017 జూన్ 13 నుంచి కొత్తగా మార్కెట్లోకి వచ్చే పరికరాలకు అదొక్కటే చెల్లుతుంది. టెస్ట్ రిపోర్టులు, సర్క్యూట్ డ్రాయింగులు, ఏ ప్రమాదానికి ఏ జాగ్రత్త తీసుకున్నారో రాసిన కాగితాలు, అన్నీ కలిపి ఒక ఫైలుగా పదేళ్లు దాచాలి. ఆ ఫైలు లేకుండా పెట్టిన సంతకానికి విలువ లేదు.

సంతకం చేస్తే సరిపోయేదానికి సర్టిఫికెట్ అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. కొన్ని వేల రూపాయలు పుచ్చుకుని, బంగారు అంచు, గుండ్రటి సీలు ఉన్న కాగితం చేతిలో పెడతారు. నోటిఫైడ్ బాడీలుగా, అంటే పరికరాలను పరిశీలించి ధ్రువీకరించే అధికారం ఉన్నవిగా, గుర్తింపు పొందిన సంస్థల జాబితా యూరోపియన్ కమిషన్ దగ్గర అందరికీ కనబడేలానే ఉంది. ఈ ఏజెంట్ల పేర్లు అందులో వెతికినా దొరకవు. కస్టమ్స్‌వాళ్లు ఆ కాగితాన్ని పక్కన పెట్టి ‘డిక్లరేషన్ ఎక్కడ?’ అంటారు.

ఆమధ్య హైదరాబాద్ నుంచి పొలంలో తేమ కొలిచే సెన్సర్లు వచ్చాయి. పని చేయించి చూశాం, వంక పెట్టడానికి లేదు. కాగితాలు తీస్తే తల తిరిగింది. డిక్లరేషన్‌లో ఉన్నది రద్దయిపోయిన 1999 నాటి డైరెక్టివ్ నంబరు. పెట్టె మీద మోడల్ పేరు చివర ‘బీ’ ఉంటే కాగితంలో ‘ఏ’ ఉంది. సంతకం ఉండాల్సిన చోట కంపెనీ రబ్బరు స్టాంపు ఒక్కటే ఉంది, మనిషి పేరు లేదు. జత చేసిన టెస్ట్ రిపోర్టు లోపల వాడిన చైనా రేడియో మాడ్యూల్‌ది. దాన్ని పరీక్షించింది బోర్డు మీదున్న చిన్న యాంటెన్నాతో. మనవాళ్లు సిగ్నల్ దూరం పోవాలని బయట పెద్ద యాంటెన్నా బిగించారు. అంటే ఆ రిపోర్టులోని కొలతలు ఈ పరికరానికి వర్తించవు. ఇంజిన్ కంపెనీ ఇచ్చిన కాగితం చూపించి బస్సుకు ఫిట్‌నెస్ అడిగితే ఎలా ఉంటుంది?

ఇంకో చిక్కు పవర్‌ది. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్ బ్యాండ్ యూరప్‌లోని 863–870 బ్యాండ్ లోపలే ఉంటుంది. ఫ్రీక్వెన్సీ కలిసింది కదా, ఇక గొడవేముంది అనుకుంటారు. మన దగ్గర ట్రాన్స్‌మిటర్‌కు ఒక వాట్ దాకా అనుమతి ఉంది. ఇక్కడ ఇలాంటి సెన్సర్లకు ఆ బ్యాండ్‌లో చాలా భాగం 25 మిల్లీవాట్లే పరిమితి, పైగా గంటలో ఎంతసేపు సిగ్నల్ పంపవచ్చో కూడా లెక్క ఉంది. ఇండియా సెట్టింగుతోనే పెట్టె కట్టి పంపిస్తే, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా ఆ పరికరం చట్టవిరుద్ధమే.

అనుమానం వస్తే కస్టమ్స్ సరుకు ఆపి, రేడియో పరికరాలను చూసే నియంత్రణ సంస్థకు కబురు పంపుతుంది. జర్మనీలో అది బుండెస్‌నెట్స్‌అగెంటూర్. నాలుగు పనిదినాల్లో వాళ్లు ‘ఆపి ఉంచండి’ అనకపోతే సరుకు వదిలేయాలని చట్టం. అన్నారంటే గోడౌన్ అద్దె మీటరు తిరుగుతూనే ఉంటుంది. లోపం సరిచేయలేకపోతే మిగిలేవి వెనక్కి తెప్పించుకోవడం, లేదా ధ్వంసం చేయించడం. చిన్న కన్‌సైన్‌మెంట్‌కు వెనక్కి పంపే ఖర్చు సరుకు విలువను మించిపోతుంది.

ఈ పద్ధతి అంతా సవ్యంగా ఉందని నేను అనను. 150 యూరోలకు మించని చవక పార్సిళ్లు 2024లో యూరప్‌కు 460 కోట్లు వచ్చాయని కమిషనే చెప్పింది. వాటిలో నూటికి తొంభై చైనావి. అన్నీ విప్పి చూడటం ఎవరి తరమూ కాదు. పద్ధతిగా ఇన్‌వాయిస్ రాసి పంపిన చిన్న సంస్థ పెట్టె ఆగుతుంది, ఊరూపేరూ లేని చార్జరు ఇంటికి చేరుతుంది. ఒళ్లు మండుతుంది. అయినా ఇది మన మీద కక్ష అనుకోకూడదు. మన దేశంలోకి వైర్‌లెస్ పరికరం తెప్పించాలన్నా టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నుంచి ఈటీఏ అనే అనుమతి కావాలి, చాలావాటికి భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి.

నిబంధనలు పెరుగుతున్నాయే గానీ తగ్గడం లేదు. 2021 జూలై 16 నుంచి ఈ పరికరాలకు యూరోపియన్ యూనియన్ లోపల బాధ్యత వహించేవాళ్ల పేరు, అడ్రసు తప్పనిసరి. 2025 ఆగస్టు 1 నుంచి ఇంటర్నెట్‌కు కలిసే రేడియో పరికరాలకు సైబర్ భద్రత షరతులూ తోడయ్యాయి. అన్ని పీసులకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టి, కొన్నవాళ్లను మార్చమని కూడా అడగకుండా పంపించే రోజులు పోయాయి.

రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాలకు నా విన్నపం ఇక్కడే. పెద్ద ఫ్యాక్టరీలకు భూములు, రాయితీలు ఇస్తున్నారు, ఇవ్వండి. వాళ్లకు కాగితాలు చూసుకునే డిపార్ట్‌మెంట్లు సొంతంగా ఉంటాయి. పదిమందితో నడిచే సంస్థకు ఎవరున్నారు? నమూనా చేసుకోవడానికి హైదరాబాద్‌లో టీ-వర్క్స్ ఉంది. పరీక్షలకు అక్కడే ఈసీఐఎల్ దగ్గర ఈటీడీసీ, విశాఖలో సమీర్ లాంటి కేంద్ర ప్రభుత్వ ల్యాబులున్నాయి. యూరప్ ప్రమాణాలను పూర్తిగా పాటించి సొంత డిక్లరేషన్ ఇచ్చేవాళ్లు పరీక్షలు యూరప్‌లోనే చేయించాలన్న నియమం లేదు. సరైన పరికరాలతో, సరైన ప్రమాణం ప్రకారం మన ల్యాబులో చేసిన రిపోర్టూ ఆ ఫైలులో పనికొస్తుంది. కొరత యంత్రాలది అనుకోను. డిజైన్ దశలోనే పక్కన కూర్చుని ‘ఈ యాంటెన్నా మారిస్తే మళ్లీ టెస్ట్ చేయాలి, ఈ పవర్ తగ్గించు’ అని చెప్పే మనిషి లేడు. అలాంటివాళ్లను నియమించండి. టెస్ట్ ఫీజులో కొంత భరించండి. యూరప్‌లో మన తరఫున బాధ్యత వహించే అధీకృత ప్రతినిధిని ఒక్కో చిన్న సంస్థ విడిగా పెట్టుకోవడం కష్టం. ఒకే ప్రతినిధి ఎందరి తరఫునైనా ఉండవచ్చు కాబట్టి, పరిశ్రమల శాఖే ఒకరితో ఒప్పందం చేసుకుని అందరికీ అందుబాటులో ఉంచవచ్చు.

వ్యాపారులకు కాదు గానీ, ఇక్కడి మన కుటుంబాలకు ఒక మాట. అమెరికాలో ఉన్న అన్నయ్యో బావగారో పంపిన కార్డ్‌లెస్ ఫోన్లు, బేబీ మానిటర్లు ఇక్కడ వాడకండి. అక్కడి డెక్ట్ (కార్డ్‌లెస్ ఫోన్ల రేడియో ప్రమాణం) ఫోన్లు 1920–1930 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. యూరప్‌లో అది మొబైల్ నుంచి టవర్‌కు సిగ్నల్ వెళ్లే దారి. అంతరాయం ఎక్కడి నుంచి వస్తోందో కొలిచే వాహనాలు నియంత్రణ సంస్థకు ఉన్నాయి. ఇంటిదాకా వచ్చి పట్టుకుంటే జరిమానాతోపాటు వెతికిన ఖర్చు కూడా మీ నెత్తినే పడవచ్చు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
లైప్‌జిగ్, జర్మనీ