పులి వైపు కథ పిల్లలు రాస్తే తప్పేమిటి?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ లేఖల శీర్షికలో ఒక పెద్దాయన రాసిన ఉత్తరం చదివాను. ఒక బడిలో తెలుగు టీచరు పాత నీతికథలను చెడ్డవాళ్ల వైపు నుంచి పిల్లలతో రాయిస్తోందని, పులికీ మొసలికీ వకాల్తా పుచ్చుకోవడం అలవాటైతే ఈ పిల్లలు రేపు ఏ తప్పు చేసినా ఒక సాకు వెతుక్కుంటారని ఆయన బాధపడ్డారు. బడి పేరు, టీచరు పేరు రాయలేదు. అందుకు ఆయనకు కృతజ్ఞతలు. ఆ టీచరును నేనే. కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లెలో ఇరవై మూడేళ్లుగా తెలుగు చెబుతున్నాను.

ఉత్తరం అచ్చయిన రెండో రోజే, పిల్లల కథలు పెట్టిన మా బడి గోడపత్రిక తీసేయమని నాకు చెప్పారు. తీసేశాను. పిల్లలు రంగులు వేసుకున్న చార్టులు ఇప్పుడు మా ఇంట్లో బీరువా మీద చుట్టచుట్టి ఉన్నాయి. రోజూ వాటిని చూస్తూ ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇదంతా 'నాన్నా పులి' కథతో మొదలైంది. ఇది ఈసప్ కథల్లోది. అక్కడ వచ్చేది తోడేలు, కేక విని పరుగెత్తుకొచ్చేది ఊరి జనం. మన దగ్గరికి వచ్చేసరికి తోడేలు పులి అయింది, ఊరి జనం నాన్న అయ్యాడు. ఇన్నేళ్లూ నేను ఈ కథను ఒకే తీరుగా చెప్పాను: పిల్లవాడు రెండుసార్లు అబద్ధం ఆడాడు, మూడోసారి నిజం చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఆ రోజు ఏడో తరగతిలో పాఠం అయిపోయి పది నిమిషాలు మిగిలితే, "ఇదే సంగతి పులి చెబితే ఎట్లుంటుందో రేపు ఒక పేజీ రాసుకు రండి" అన్నాను. పెద్దగా ఆలోచించి అన్న మాట కాదు.

మరుసటి రోజు ఒక అమ్మాయి లేచి ఇలా చదివింది: "మొదటిసారి నేను ఆడ లేను. రెండోసారీ లేను. అయినా రెండుసార్లూ కట్టెలు తీసుకొని నా కోసం వచ్చినారు."

నాకు మాట రాలేదు. ఇరవై మూడేళ్లుగా అబద్ధం గురించి చెబుతున్నాను గానీ ఆ అబద్ధం ఎవరి మీద ఆడారో ఒక్కసారీ ఆలోచించలేదు. పిల్లవాడి అబద్ధం నాన్నకు చేసిన మోసం అనే నేను చెప్పేదాన్ని. అది చేయని తప్పుకు ఇంకొకరి మీద వేసిన నింద కూడా. మా పల్లెలో దొంగతనం జరిగితే మొదట ఎవరి గుడిసె వైపు చూస్తారో మా పిల్లలకు తెలుసు. ఆ అమ్మాయికి ఇంకా బాగా తెలుసు. అంతకు మించి ఆ సంగతి ఇక్కడ రాయను.

ఆ తర్వాత ఆపుదామన్నా ఆగలేదు. కోతి, మొసలి కథ తీసుకున్నాం. మొసలి పెళ్లాం కోతి గుండె కావాలంటుంది. మొసలి కోతిని వీపు మీద ఎక్కించుకుని నది మధ్యకు తీసుకుపోయి, అక్కడ అసలు సంగతి చెప్పేస్తుంది. గుండెను చెట్టు మీదే వదిలేసి వచ్చానని కోతి తప్పించుకుంటుంది. మొసలి ఉట్టి తెలివితక్కువదని మనం నవ్వుకుని వదిలేస్తాం. ఒక పిల్లవాడు మాత్రం, "నిజంగా చంపాలని ఉంటే నడి నీళ్లలో చెప్పదు కదా మేడం. చెప్పకుండానే మునిగిపోయేది. దానికి చంపబుద్ధి కాలేదు" అన్నాడు. తెలుగు పండిత్ శిక్షణలో నేను ఆ కథ ఎన్నిసార్లు చదివానో! ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు.

పిల్లలు సాకులు నేర్చుకుంటారని కదా ఆ పెద్దాయన భయం. కొంగ కథ దగ్గర ఏం జరిగిందో ఆయన వినాలి. చెరువు ఎండిపోతుందని చేపలను నమ్మించి, వేరే చెరువుకు చేరుస్తానని ఒక్కొక్కటిగా ఎత్తుకుపోయి తిన్న కొంగ అది. చివరికి ఎండ్రకాయ దాని మెడ కొరుకుతుంది. ఒకడు కొంగ వైపు చాలా బాగా రాశాడు. నేను ముసలిదాన్ని, కళ్లు కనబడవు, కాళ్లు నిలవవు, చేప నాకు దొరకదు అని. క్లాసంతా నిశ్శబ్దంగా విన్నది. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి, "ఆకలైతే ఆకలి అని చెప్పాల. అబద్ధమెందుకు చెప్పింది?" అని అడిగింది. రాసినవాడి దగ్గర జవాబు లేదు. ఇంటికి పోయి ఇంకో అరపేజీ రాసుకొచ్చాడు. ఆ అరపేజీలో కొంగ మొట్టమొదటి చేపను మింగిన రాత్రి నిద్రపోలేదు. రెండో చేప తర్వాత నిద్రపోయింది. తప్పు మనిషికి ఎట్లా అలవాటవుతుందో ఇంతకంటే సూటిగా నేను చెప్పలేను, నీతివాక్యం బోర్డు మీద వంద సార్లు రాసినా చెప్పలేను.

ఇదేదో కొత్త పద్ధతి, ఇంగ్లీషు చదువుల నుంచి దిగుమతి చేసుకున్నది అని కూడా ఆయన రాశారు. మా అవ్వకు ఇంగ్లీషు రాదు, తెలుగు చదవడమూ రాదు. ఆమె చెప్పిన ఏడు చేపల కథ మీ పాఠకులందరికీ వచ్చు. రాజుగారి కొడుకులు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చిందంది చేప. గడ్డిమోపు ఆవు మీద చెప్పింది. ఆవు గొల్లవాడి మీద, గొల్లవాడు అన్నం పెట్టని అవ్వ మీద, అవ్వ ఏడ్చిన పిల్లాడి మీద, పిల్లాడు చీమ మీద చెప్పారు. సాకు అంటే ఇదీ. ఆ కథలో అందరూ తమ తప్పును పక్కవాడి మీదకు తోసేవాళ్లే. ఒక్క చీమ తోయలేదు. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంది. కుట్టలేదని అనలేదు. ఇంకొకరు కుట్టమన్నారనీ అనలేదు. కుట్టాను, ఇందుకు కుట్టాను అంది. అంత వరసలో దోషిగా నిలబెట్టింది ఎవరినో, తన పని తానే ఒప్పుకున్నదీ ఆ ప్రాణే. చెడ్డవాడి మాట వినమని నేను చెబుతున్నది మా అవ్వ దగ్గర నేర్చుకున్నదే.

చిన్నయసూరి 'నీతిచంద్రిక' 1853లో వచ్చింది. అందులోని మిత్రభేదంలో సింహానికీ ఎద్దుకూ మధ్య చిచ్చు పెట్టే దమనకుడనే నక్క మాటలు తీసేస్తే ఏం మిగులుతుంది? మన పెద్దలు ఆ నక్కకు అంత చక్కని భాష ఇచ్చారు, మూడు నాలుగు తరాల పిల్లలు దాన్ని కంఠస్థం చేశారు. బడి వార్షికోత్సవంలో అట్ట కిరీటం పెట్టుకుని, గద భుజాన వేసుకుని దుర్యోధన ఏకపాత్రాభినయం చేయని ఊరు మన జిల్లాలో ఉందా? మయసభలో తనకు జరిగిన అవమానం చెబుతూ పిల్లవాడు గొంతు పెంచితే ముందు వరుసలో పెద్దలే చప్పట్లు కొడతారు. ఆ పిల్లలెవరూ దుర్యోధనులు కాలేదు. మా బడిలో అట్లా చేసిన ఒకడు ఇప్పుడు ఆర్టీసీ కండక్టరు. బస్సు ఎక్కితే టికెట్ ఇస్తూ ఆ డైలాగు ఒక ముక్క ఇప్పటికీ నాకు వినిపిస్తాడు.

నా చిన్నప్పుడు ధర్మవరం వైపు మా ఊళ్లో శివరాత్రికి తోలుబొమ్మలాట ఆడేవాళ్లు. నిమ్మలకుంట కళాకారులు ఆ విద్యను ఇప్పటికీ నిలబెడుతున్నారు. వాళ్లలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా బడిలో చాక్లెట్లు పంచాను. ఒక శివరాత్రి రాత్రి, ఆటలో నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడు, బంగారక్క తిట్టుకుంటుంటే నవ్వీ నవ్వీ, నేను మెల్లగా తెర వెనక్కి పోయి చూశాను. దీపం పక్కన చెమటతో తడిసిపోయిన ఒకే మనిషి కూర్చొని ఉన్నాడు. రాముడి మాటా ఆయనదే, రావణుడి మాటా ఆయనదే. పది తలల బొమ్మ చేతిలోకి రాగానే గొంతు గుండెల్లోంచి తీశాడు. రావణుడి మాటను ఎక్కడా తక్కువ చేసి పలకలేదు. ఎనిమిదేళ్ల వయసులో నేను చూసిన ఆ సంగతి మా పిల్లలకూ తెలియాలని నాకు ఆశ.

ఒక్క విషయంలో మాత్రం ఆ పెద్దాయన మాటలో న్యాయం ఉంది. ఆయన రాసిన కారణం వేరు, నాకు తెలిసొచ్చిన కారణం వేరు.

మా వైపు పులి లేదు. అది నల్లమలలో, శ్రీశైలం అడవుల్లో ఉంది. మా గుట్టల్లో ఉండేది తోడేలు. అందుకని ఒక రోజు, "పులి చాలు, మన తోడేలు గురించి రాయండి" అన్నాను. ఒక పిల్లవాడు పెన్ను కిందపెట్టి, "మేడం, నేను రాయను" అన్నాడు. ఎందుకని అడిగితే తల ఎత్తలేదు. పక్కవాడు చెప్పాడు. వాళ్లది గొర్రెల మంద. కోత అయిపోయిన బుడ్డల చేనులో మంద పెట్టిన రాత్రి తోడేలు వచ్చి రెండు పిల్లలను ఎత్తుకుపోయింది. అందులో ఒకటి ఈ పిల్లవాడు సీసాతో పాలు పట్టి సాకినది. వాళ్ల నాయన తెల్లవార్లూ టార్చిలైటు పట్టుకుని గుట్ట చుట్టూ తిరిగాడు. తల్లి గొర్రె రెండు రోజులు అరుస్తూనే ఉందట.

నేను తప్పు చేశాను. దెబ్బ తిన్న పిల్లవాడిని పట్టుకుని, కొట్టినవాడి వైపు నుంచి రాయి అనకూడదు. ఇది నాకు ముందే తట్టి ఉండాల్సింది. ఆ రోజు నుంచి, ఇష్టమైనవాళ్లే రాయాలి, ఇష్టం లేనివాళ్లు వేరే ఏదైనా రాసుకోవచ్చు అని చెబుతున్నాను. ఆ పిల్లవాడితో కూడా, "నువ్వు మీ కుక్క గురించి రాయి నాయనా" అన్నాను. కుక్క గురించి రాశాడు, బాగానే రాశాడు.

ఇరవై రోజుల తర్వాత, నేను అడగకుండానే, ఇంటర్వెల్‌లో స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడి నోటుబుక్కు చేతికిచ్చి పరుగెత్తిపోయాడు. అందులో ఇట్లా ఉంది:

"నేను తోడేలును. నాకు నాలుగు పిల్లలు. ముందు మా గుట్టలో కుందేళ్లు ఉన్నాయి. ఇప్పుడు గాలిమరలు పెట్టినారు, రోడ్డు వేసినారు, లారీలు తిరుగుతాయి. మూడు రోజులు నేనేమీ తినలేదు. గొర్రెపిల్లను పట్టుకునేటప్పుడు దానికి ఒక అబ్బాయి పాలు పట్టినాడని నాకు తెలీదు. తెలిసినా పట్టుకుందును. ఆ అబ్బాయి నన్ను ఎప్పటికీ క్షమించడు. అది కూడా కరెక్టే."

సంపాదకులు గారూ, ఈ పన్నెండేళ్ల పిల్లవాడు తోడేలుకు వకాల్తా పుచ్చుకున్నాడా? తన కోపాన్ని అతను వదులుకోలేదు. తోడేలు నోటితోనే ఆ కోపం న్యాయమైనదని చెప్పించాడు. తోడేలును చంపకూడదని చట్టం ఉంది, 1972 నాటి వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూలులో ఉంది. ఆ సంగతి నేను ఏటా చెబుతూనే ఉన్నాను, పిల్లలు పరీక్షలో రాసి మరిచిపోతూనే ఉన్నారు. మంద ఉన్న ఇంటి పిల్లవాడికి ఆ చట్టం ఒక్కటే చెబితే మంట పుడుతుంది.

నా విన్నపం ఇంతే. మా బడి గోడ మీద చోటు పోయింది. మీ ఆదివారం పిల్లల పేజీలో వీటిలో రెండు మూడింటికైనా చోటివ్వండి. పులి కథ, కొంగ కథ, తోడేలు కథ జిరాక్సులు జత చేశాను. పిల్లలను, వాళ్ల అమ్మానాన్నలను అడిగే పంపుతున్నాను. పేర్లు వేయవద్దు, తరగతి వేస్తే చాలు. ఆ పెద్దాయన కూడా చదివి మళ్లీ రాస్తే సంతోషిస్తాను. ఆయనకు కోపం తగ్గకపోయినా సరే.

అక్షరదోషాలు దిద్దలేదు, మీరూ దిద్దకండి. తోడేలు కథ పక్కన మార్జిన్‌లో ఆకుపచ్చ ఇంకుతో ఒక వాక్యం ఉంటుంది, దాన్ని వదిలేయవద్దు. అనుమతి అడగడానికి నేను వాళ్ల మంద దగ్గరికి పోయినప్పుడు చేర్చింది అది. వాళ్ల నాయనకు చదువు రాదు. కొడుకు గొంగడి మీద కూర్చుని చదువుతుంటే, కట్టె మీద గడ్డం ఆనించి చివరిదాకా విన్నాడు. క్షమించడం గురించి ఏమీ అనలేదు. కాసేపాగి, "గాలి వెంబడి వచ్చినట్ల రాసినావు. తోడేలు ఎదురుగాలికి వస్తాది రా, కుక్కకు వాసన తగలకుండా. అది రాయి" అన్నాడు.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా.