అంబులెన్సులో బ్యాగు పట్టే చేతికి పరీక్ష కావాలి

గౌరవనీయ ఆరోగ్య కార్యదర్శి గారికి,

నమస్కారం. అంబులెన్సు సిబ్బందికి చేతి నైపుణ్య పరీక్ష పెట్టాలని ఇచ్చిన వినతిపత్రాలకు జవాబు రానందున ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి తెలుగువారి పక్షాన ఈ లేఖను బహిరంగంగా రాస్తున్నాం.

నాడి ఉండి ఊపిరి ఆగిన పెద్దవారికి అంబు బ్యాగును (ముఖానికి మాస్కు పెట్టి, చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచిని) 6 సెకన్లకోసారి, ఛాతీ కాస్త లేచేంతవరకే నొక్కాలి. కంగారులో 2 సెకన్లకోసారి నొక్కితే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. గాలి పొట్టలోకి పోతుంది, వాంతి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఆసుపత్రి గేటు చేరకముందే ఒక ఇంటి దీపం ఆరిపోతుంది. ఈ పొరపాటు రాతపరీక్షలో బయటపడదు.

2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ చట్టం పరిధిలో అంబులెన్సులో పనిచేసే అత్యవసర వైద్య సాంకేతిక నిపుణులూ ఉన్నారు. రోగిని సరిహద్దు దాటించి విశాఖకు తరలించే చోట దేశమంతా చెల్లే అర్హత మరీ అవసరం.

శిక్షణకు వాడే మనిషి బొమ్మపై చేయించి చూసే జాతీయ పరీక్ష, రెండేళ్లకోసారి పునఃపరీక్ష, రాయగడలో కేంద్రం, తెలుగులోనూ ప్రశ్నపత్రం ఏర్పాటు చేయాలని, తేదీతో సహా రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాం.

ఇట్లు,
అత్యవసర వైద్య శిక్షకులు, రాయగడ