చేపల వేటకని అమ్మిన పోలరైజ్డ్ కళ్ళద్దాలపై ఫిర్యాదు

విజయవాడ

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: కుడి అద్దంలో పోలరైజేషన్ లోపం, ప్రకటనలో చూపిన రంగు కాకుండా వేరే రంగు పంపడం, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మీ వెబ్‌సైట్‌లో "చేపల వేటకు ప్రత్యేకం, యాంబర్ లెన్స్, పోలరైజ్డ్" అని, అంటే తేనె రంగు అద్దం, నీటి మీది మెరుపును ఆపేది అని, రాసి ఉంటే చూసి 2,499 రూపాయలు కట్టి ఈ చలువ కళ్ళద్దాలు తెప్పించుకున్నాను. బిల్లు, ఫోటోలు, ఒక చిన్న వీడియో జత చేశాను. మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే కుడి అద్దం సంగతి అసలు పట్టించుకోలేదు. రంగు సంగతి అడిగితే, "ఫోటోలో లైటింగ్ వల్ల అలా కనిపిస్తుంది సార్, వాడుకోడానికి ఇబ్బంది ఉండదు" అని చెప్పి ఫిర్యాదు మూసేశారు. ఇబ్బంది ఉంది. ఏమిటో వివరంగా రాస్తున్నాను, ఈసారైనా తెలిసినవాళ్ళ చేత చదివించండి.

ముందు కుడి అద్దం. కాలువ గట్టు మీద నిలబడి ఒక కన్ను మూసి చూస్తే ఎడమ అద్దంలోంచి నీటి అడుగున నాచు కూడా కనిపిస్తోంది. కుడి అద్దంలోంచి చూస్తే అదే చోట ఆకాశం తళతళలాడుతోంది. ఇంటికొచ్చి కంప్యూటర్ ఎల్‌సీడీ మానిటర్ ముందు (దాని వెలుతురు కూడా ఒకే దిశలో కంపిస్తుంది) కళ్ళద్దాలు పట్టుకుని మెల్లగా తిప్పాను. ఎడమ అద్దం పూర్తిగా నల్లబడిన చోట కుడి అద్దంలోంచి తెర మీద అక్షరాలు చదవగలుగుతున్నాను. ఇంకొంచెం తిప్పితే కుడిది నల్లబడింది, ఎడమది తేటపడింది. వీడియోలో ఉన్నది ఇదే. అంటే రెండు అద్దాల్లోనూ మెరుపును ఆపే పోలరైజ్డ్ ఫిల్మ్ ఉంది, కాకపోతే కుడిదాన్ని పక్కకు ఒరిగేలా బిగించారు.

నీటి మీద పడి వచ్చే వెలుతురులో ఎక్కువ భాగం అడ్డంగా కంపిస్తుంది. దాన్ని ఆపాలంటే ఫిల్టర్ నిలువు దిశనే వదలాలి, అదీ రెండు అద్దాల్లోనూ ఒకేలా. ఒకటి ఒరిగితే ఒక కంటికి నీళ్ళు, ఇంకో కంటికి మెరుపు. కాసేపటికే తలనొప్పి మొదలవుతుంది. అసలు కళ్ళద్దాలు లేకుండా కళ్ళు చికిలించుకుని చూడడమే నయం అనిపించింది.

ఈ ఫిల్టర్ బాగా పనిచేసేది మన చూపు నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు. గట్టు మీద నిలబడిన మనిషికి అది నాలుగైదు గజాల దూరంలోని నీళ్ళు. మా బందరు కాలువ, ఏలూరు కాలువల మీద గుర్రపుడెక్క అంచు ఉండేది సరిగ్గా అక్కడే, కొర్రమీను ఊపిరికి పైకొచ్చేదీ అక్కడే. దూరంగా నది మధ్యలో మెరుపు పూర్తిగా పోలేదని నేను ఎప్పుడూ అడగను, అక్కడ ఏ కంపెనీ అద్దమైనా అంతే. కాళ్ళ ముందున్న నీళ్ళే కనిపించకపోతే మాత్రం ఊరుకోలేను.

ఇక రంగు. మీవాళ్ళు దీన్ని అందానికి సంబంధించిన సంగతి అనుకుంటున్నారు, నాకు కోపం వచ్చింది అందుకే. గాలం వేసేవాడికి అద్దం రంగు పనిముట్టులో భాగం. బూడిద రంగు అన్ని రంగులనీ సమానంగా తగ్గిస్తుంది, నడి ఎండలో లోతైన నీటి మీదకీ, సముద్రం మీదకీ బాగుంటుంది. సూర్యలంక వైపు పడవ మీద వెళ్ళేవాడు అదే కొనుక్కోవాలి. బ్యారేజీకి ఎగువన నిలిచే కృష్ణ నీళ్ళు అలాంటివి కావు. వానాకాలంలో ఎర్రమట్టి కలిసి వస్తాయి, తేరుకున్నాక పచ్చగా ఉంటాయి. ఆ పచ్చదనంలో చేప వీపునీ నాచునీ విడదీసి చూపేది యాంబర్, రాగి, గోధుమ రంగు అద్దాలే, ఎందుకంటే అవి నీలాన్ని తగ్గించి అంచులు తేలేలా చేస్తాయి. తెల్లవారుజామునో, మబ్బు పట్టినప్పుడో అయితే పసుపు. పిల్లలతో తిరిగే కొర్రమీనును చూశారా ఎప్పుడైనా? పైన ఎర్రగా గుంపుగా పిల్లలు, కింద నల్లగా తల్లి. (అలాంటిదాని జోలికి నేను వెళ్ళను, అది వేరే సంగతి.) మీరు పంపిన అద్దంలోంచి చూస్తే ఆ ఎరుపు కూడా మసిబారి నీళ్ళలో కలిసిపోతోంది.

లైటింగ్ అన్నారు కాబట్టి తెల్ల కాగితం మీద పెట్టి చూశాను. గోధుమ ఛాయ ఎక్కడా లేదు, నికార్సైన బూడిద రంగు. బీసెంట్ రోడ్డులో నాకు తెలిసిన కళ్ళజోళ్ళ షాపులో చూపిస్తే అతనూ అదే చెప్పాడు: పైన బంగారు రంగు మిర్రర్ కోటింగ్, కింద గ్రే. ఎదుటివాడికి కనిపించేది పైపూత, పెట్టుకున్నవాడు చూసేది లోపలి రంగు. మీ పేజీలో పైపూతని ఫోటో తీసి దానికే యాంబర్ అని పేరు పెట్టారు. నన్ను చూసే చేపకి నేను యాంబర్‌గా కనిపించి లాభమేమిటి?

అద్దం ఎంత వెలుతురు వదులుతుందో చెప్పే కేటగిరీ నంబరు కూడా పెట్టె మీద లేదు. 3 అంటే 8 నుంచి 18 శాతం వెలుతురు లోపలికి వస్తుంది, 2 అంటే 18 నుంచి 43 శాతం. పొద్దున్నే వెళ్ళేవాడికి ఈ తేడా చాలా పెద్దది. 4 అయితే బండి నడిపేటప్పుడు పెట్టుకోకూడదు. ఏదో ఒకటి రాయకుండా "డ్రైవింగ్‌కు కూడా" అని ఎలా వేశారో మీకే తెలియాలి.

ఉన్నమాట చెప్పాలి కాబట్టి ఇదీ రాస్తున్నాను. అదే షాపులో మీటరు మీద పెట్టి చూస్తే యూవీ రక్షణ బాగానే ఉంది. ఫ్రేమ్ తేలికగా ఉంది, ముక్కు దగ్గర జారడం లేదు. అద్దాలు సరిగ్గా చేసి ఉంటే ఈ ఉత్తరం బదులు మంచి రివ్యూ రాసేవాణ్ణి.

నేను అడుగుతున్నది ఇది. పూర్తి డబ్బు వాపసు ఇవ్వండి, పికప్ ఖర్చు మీదే. మార్చి పంపుతామంటే నాకు అక్కర్లేదు, అదే బ్యాచ్‌లోంచి ఇంకొకటి వస్తుందని నా అనుమానం. మీ పేజీలో మిర్రర్ రంగు, లోపలి రంగు, కేటగిరీ వేర్వేరుగా రాయండి. మిగిలిన స్టాకు అమ్మేముందు ఒక్కొక్క జతనీ మానిటర్ ముందు తిప్పి చూడండి, నిమిషం కూడా పట్టదు.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని మీ గ్రీవెన్స్ ఆఫీసరు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు ఉండే ఊళ్ళోనే కేసు వేయవచ్చు, మీ ఊరు రానక్కర్లేదు. అంతదాకా తీసుకెళ్ళరనే అనుకుంటున్నాను.

కళ్ళద్దాలు పెట్టెతో సహా నా దగ్గరే ఉన్నాయి. పికప్‌కి మనిషిని పంపేముందు ఫోన్ చేయించండి. ఆదివారం పొద్దున మాత్రం వద్దు, ఇంట్లో ఉండను.

ఇట్లు,
మీ వినియోగదారుడు
(పేరు, చిరునామా, ఆర్డరు వివరాలు జత చేసిన బిల్లులో ఉన్నాయి)