మా పాత బుల్లెట్ గ్రీజు లీకు పట్టుకున్న బాబాయ్ గారికీ, ఆటోనగర్ వాళ్ళకీ కృతజ్ఞతలు

నాన్నగారి బుల్లెట్ వెనక టైరు మీద గ్రీజు పడటం ఆగింది. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. బండి తోయడం, డబ్బులివ్వడం, పక్కన నిలబడి చూడటం నా పని. మిగతాదంతా నలుగురైదుగురు పుణ్యాత్ములు చేశారు. వాళ్ళ పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చేసిన పని మాత్రం చెప్పి తీరాలి. ఇలాంటి బండి ఉన్నవాళ్ళకి అది పనికొస్తుంది.

మాది పాత రకం 350 సీసీ బండి. కుడికాలితో గేరు, ఎడమకాలితో బ్రేకు, నాలుగు గేర్లు. ఇంజనుకి వెనక గేర్‌బాక్సు విడిగా బిగించి ఉంటుంది. 1956లో మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో మొదలైన బుల్లెట్ తయారీకి ఇంగ్లండులోని రెడిచ్ ఊళ్ళో తయారైన నమూనాయే మూలం. అల్బియన్ కంపెనీ గేర్‌బాక్సు కూడా ఇంగ్లండుదే. మెయిన్ షాఫ్టు (గేర్‌బాక్సులో ప్రధాన ఇరుసు), దాని మీద గొట్టంలా తొడిగి తిరిగే స్లీవ్ గేరు, ఈ రెండింటి మధ్య ఆ పాత డిజైనులో ఆయిల్ సీలు ఉండదు. మధ్యలో ఉండే లోహపు తొడుగు, అంటే బుష్, ఎంత బిగువుగా ఉంటే అంత. అందుకే అందులో పల్చటి ఆయిల్ కాకుండా, సగం ద్రవంలా ఉండే గ్రీజు పోసేవారు. బుష్ అరిగితే ఆ గ్రీజు కూడా బయటికి దారి చూసుకుంటుంది.

మా బండికి అదే జరిగింది. కానీ అదే జరిగిందని తేలడానికి చాలా కాలం పట్టింది. ఎవర్ని అడిగినా ఒకటే మాట: "బుల్లెట్ అన్నాక కారుతుందండీ. కారకపోతే లోపల ఆయిల్ అయిపోయిందని లెక్క." నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. నేల మీద రెండు చుక్కలు పడితే నేనూ నవ్వేవాణ్ణే. ఈ బండికి చైనూ, వెనక బ్రేక్ డ్రమ్మూ రెండూ ఎడమ పక్కే ఉంటాయి. చైను పట్టే పళ్ళ చక్రం, అంటే స్ప్రాకెట్, కూడా డ్రమ్ముతో కలిసే ఉంటుంది. ముందు స్ప్రాకెట్ మీద పడ్డ గ్రీజుని చైను మోసుకెళ్ళి రిమ్ము మీదా, టైరు పక్కనా చిమ్ముతోంది. మలుపులో ఎడమకి వంగితే ఆ టైరు అంచే రోడ్డుని పట్టుకోవాలి. దీన్ని సరదా అనుకోవడం నా వల్ల కాలేదు.

మొదటి కృతజ్ఞత మా వీధి చివర ఉండే బాబాయ్ గారికి. సైన్యంలో ఈఎంఈ విభాగంలో బళ్ళు బాగుచేసి రిటైరయ్యారు. సికింద్రాబాద్‌లోనే పని నేర్చుకున్నారట. ఆర్మీ బుల్లెట్లు ఎన్ని విప్పారో ఆయనకే లెక్క తెలియదు. నేను వెళ్ళి "బాబాయ్ గారూ, గేర్‌బాక్సు విప్పించమంటారా?" అంటే, "ఏ బోల్టూ ముట్టుకోవద్దు. ముందు కడుగు. ఏది ముందు తడుస్తుందో చూద్దాం. ఏది ఎక్కువ తడిసిందని కాదు, ఏది ముందు తడిసిందని!" అన్నారు.

ఆ ఒక్క మాటకే ఈ పోస్టు రాయొచ్చు. నడుస్తున్న బండి మీద లీకైనది గాలికి వెనక్కి పాకుతుంది, కిందికి జారుతుంది. ఎక్కువ జిడ్డు ఉన్న చోటు దాని మజిలీ మాత్రమే. పుట్టిన చోటు పైనో ముందో ఉంటుంది. మాకంటే ముందు బండి చూసిన మెకానిక్ అడుగున జిడ్డు చూసి, ప్రైమరీ చైను (ఇంజను నుంచి క్లచ్‌కి వెళ్ళే చైను) కవరు రబ్బరు మార్చి, గేర్‌బాక్సులో బేరింగులకు వాడే గట్టి గ్రీజు కూరి పంపించాడు. కారడం ఆగలేదు.

బాబాయ్ గారు దగ్గరుండి కిరసనాయిలు, పాత పెయింటు బ్రష్షుతో అడుగంతా కడిగించారు. ప్రెషర్ వాటర్ వద్దన్నారు. ఆ జోరుకి నీళ్ళు హబ్బు బేరింగుల్లోకి పోతాయట. చైను కూడా పొడిగా తుడిపించారు, లేకపోతే చైనుకి రాసిన గ్రీజే లీకులా కనబడుతుంది. బాగా ఆరాక ముఖానికి రాసుకునే పౌడరు గేర్‌బాక్సు చుట్టూ, స్ప్రాకెట్ వెనకా పల్చగా చల్లాం. కింద న్యూస్‌పేపర్లు పరిచాం. సెంటర్ స్టాండు మీద బండి స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో వదిలేశాం. తెల్లటి పౌడరు మీద గోధుమరంగు తడి గీత మొదట కనబడింది స్ప్రాకెట్ మధ్యలో, షాఫ్టు బయటికొచ్చే చోట. ప్రైమరీ కవరు అడుగు పొడిగానే ఉంది. ప్రైమరీలో పోసేది పల్చటి ఆయిల్, వేళ్ళ మధ్య తీసుకుంటే జారిపోతుంది. ఇది తీగలా సాగింది.

నేను అంతవరకూ ఎక్కడా వినని సంగతి ఒకటి అప్పుడే చెప్పారు. సిటీలో తిరిగితే ఎక్కువ కారి, హైవే మీద తక్కువ కారడం నేను గమనించాను గానీ కారణం తెలియదు. న్యూట్రల్‌లో క్లచ్ వదిలి నిలబెడితే మెయిన్ షాఫ్టు తిరుగుతుంది, స్లీవ్ గేరు ఆగి ఉంటుంది. రాపిడి అంతా మధ్యలో ఉన్న బుష్ మీదే. టాప్ గేరులో షాఫ్టూ స్లీవ్ గేరూ పట్టేసుకుని కలిసి తిరుగుతాయి కాబట్టి బుష్‌కి పనే ఉండదు. అంటే విజయవాడ బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర అరిగినంతగా ఏలూరు రోడ్డు మీద నాలుగో గేరులో అరగదు. అప్పట్నుంచి సిగ్నల్ పెద్దదైతే ఇంజను ఆపేస్తున్నాను.

బాబాయ్ గారు పంపితేనే ఆటోనగర్‌లో ఒక పెద్ద మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఈ మెకానిక్ మాటల మనిషి కాదు. ప్రైమరీ కవరుకున్న ఒక్క నట్టూ విప్పి, ఆయిల్ ట్రేలోకి వంపి, క్లచ్, చైను, లోపలి కవరు వరసగా తీసి పక్కన పేర్చాడు. గేర్‌బాక్సు తెరిచి నాకు చూపించాడు. ఇంతకుముందు కూరిన గ్రీజు, గరిటె పెట్టిన గడ్డ పెరుగులా, గేర్లు తిరిగిన మేర గాడి పడి అలాగే నిలబడిపోయింది. మళ్ళీ గేర్ల మీదకి జారి రాలేదు. బుష్‌కి చేరాల్సింది చేరక అది పొడిగా అరుగుతోంది. వేడికి గ్రీజులోంచి విడిపోయిన నూనె మాత్రం బయటికి కారుతోంది.

గ్రీజు చిక్కదనానికి ఎన్‌ఎల్‌జీఐ అనే అమెరికా గ్రీజు సంస్థ వాళ్ళ నంబర్లున్నాయి, 000 నుంచి 6 దాకా. ఒక కోనుని గ్రీజులోకి 5 సెకన్లు వదిలి ఎంత లోతు దిగిందో కొలుస్తారు. 3వ నంబరు గ్రీజులో రెండు, రెండున్నర సెంటీమీటర్లు దిగితే, 00లో నాలుగు సెంటీమీటర్లు దాటుతుంది. ఈ గేర్‌బాక్సుకి కావాల్సింది ఆ 00. 90 నంబరు గేర్ ఆయిల్ చాలని వాదించేవాళ్ళూ ఉన్నారు. గేర్లకి అది మంచిదే. అరిగిన బుష్‌లోంచి మాత్రం ఇంకా తొందరగా పోతుంది.

లేత్ మాస్టారికి ప్రత్యేకంగా దండం. కొత్త బుష్ గన్‌మెటల్‌లో తీశారు. ముందు షాఫ్టుని మైక్రోమీటరుతో పలుచోట్ల కొలిచి, అరిగింది షాఫ్టు కాదు బుష్షేనని తేల్చాకే ముక్క బిగించారు. లీకు భయంతో "ఇంకొంచెం టైటుగా చేయండి మాస్టారూ" అని నేనంటే, "ఆయిల్ పొర నిలవడానికి చోటు ఉండాలి బాబూ. లేకపోతే వేడెక్కి పట్టేస్తుంది. అప్పుడు లీకు ఉండదు, బండీ ఉండదు" అన్నారు. తీసుకున్న మజూరీ చూస్తే నాకే సిగ్గేసింది.

కుడి పక్క కిక్ షాఫ్టు దగ్గర చిన్న ఓ-రింగు (రబ్బరు రింగు) కూడా గట్టిపడిపోయి ఉంది. సైలెన్సర్ దగ్గర అప్పుడప్పుడూ వచ్చే మాడు వాసన దానిదే. క్లచ్ రాడ్ వెళ్ళే షాఫ్టు బోలుగా ఉంటుంది కాబట్టి, ఆ దారిన క్లచ్ ప్లేట్ల దాకా గ్రీజు పోకుండా రాడ్‌కి చిక్కటి గ్రీజు పూసి పెట్టాడు మెకానిక్. గట్టి గ్రీజుకి సరైన చోటు అది.

బ్రేకు విషయంలో మెకానిక్ కాస్త గట్టిగానే మాట్లాడాడు. జిడ్డు పీల్చిన బ్రేక్ షూలను పెట్రోలుతో కడిగి శాండ్ పేపర్ కొట్టి సరిపెడదామని నేనంటే ఒప్పుకోలేదు. పైన ఆరినట్టుండి, డ్రమ్ము వేడెక్కగానే లోపలి జిడ్డు మళ్ళీ పైకొస్తుందట. కొత్త షూలు వేశాడు. టైరుని మాత్రం పెట్రోలు తగలకుండా గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో కడిగాం.

00 గ్రీజు చిన్న డబ్బాల్లో దొరక్క తిరుగుతుంటే, లారీలకు సెంట్రల్ లూబ్రికేషన్ సామాన్లు అమ్మే షాపు కుర్రాడు తమ దగ్గరున్న పెద్ద డబ్బాలోంచి కొలిచి పోశాడు. థాంక్స్ తమ్ముడూ. మా కింద వాటాలో ఉండే అత్తయ్య గారికి కూడా. టైల్స్ పాడవుతున్నాయని కోప్పడ్డా, పౌడరు పరీక్షకి పేపర్లూ, పౌడరు డబ్బా ఇచ్చింది ఆవిడే.

లీకు పూర్తిగా పోయిందా అంటే, లేదు. లాంగ్ రైడ్ వెళ్ళొచ్చాక కిక్ షాఫ్టు కింద కొంచెం చెమ్మ కనబడుతుంది. బాబాయ్ గారు చూసి వదిలేయమన్నారు. నెలకోసారి గేర్‌బాక్సు లెవెల్ ప్లగ్గు విప్పి చూడమన్నారు, మించి పోస్తే అదే బయటికి తోసుకొస్తుంది కాబట్టి లెవెల్ దాటొద్దన్నారు. టైరు, రిమ్ము పొడిగా ఉన్నాయి. నాకు కావాల్సింది అదే.

నా దగ్గర ఆ 00 గ్రీజు ఇంకా మిగిలింది. విజయవాడ చుట్టుపక్కల నాలుగు గేర్ల పాత బుల్లెట్ ఉన్నవాళ్ళెవరికైనా కావాలంటే కామెంట్లో చెప్పండి, మూత గట్టిగా ఉన్న సీసా తెచ్చుకుంటే పోసిస్తాను. ముందు పౌడరు చల్లి చూసుకుని రండి.