పిల్లలను లేపిన కోడికి తెరపి ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ వ్యవసాయ పేజీలో పెరటికోళ్ల వ్యాసం చదివాను. పిల్లలు లేవగానే తల్లి నుంచి విడదీస్తే కోడి తొందరగా మళ్లీ గుడ్లకు వస్తుందని రాశారు. వస్తుంది, నిజమే. కానీ అందుకు కోడి ఒళ్లు ఏం పోగొట్టుకుంటుందో ఒక్క ముక్క రాయలేదు.

నేను హన్మకొండలో జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా అమ్మ నర్సంపేట దగ్గర ఊళ్లో కోళ్లు సాదేది. గంపలో వరిగడ్డి పరిచి పదమూడు గుడ్లు పెట్టేది. 21 రోజులూ ఆ కోడి రోజుకోసారి లేచి, నాలుగు నూకలు తిని మళ్లీ ఎక్కి కూర్చునేది. పిల్లలు లేచేనాటికి దాని ఎదబొక్క చేతికి కత్తిలా తగిలేది, జుట్టు పాలిపోయేది. అమ్మ జొన్నలు, తోటకూర వేసి, జుట్టు ఎర్రబడేదాకా దాని జోలికి ఎవరినీ పోనిచ్చేది కాదు.

కణాలు శక్తిని తయారు చేసేటప్పుడు ఆక్సిజన్ నుంచి కణాలనే దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పుడతాయి. వాటిని అణచడానికి విటమిన్ ఈ లాంటివి కావాలి. కోడి వాటిని పచ్చసొనలోకి దించుతుంది. మొదటిసారి గాలి పీల్చే పిల్లకు అవే రక్షణ. 2004లో అచ్చయిన ఒక ప్రయోగంలో జీబ్రా ఫించ్ పిట్టల గూళ్లలో పిల్లల సంఖ్య పెంచారు. వాటిని సాకిన తల్లిదండ్రుల ఎర్రరక్తకణాలకు ఫ్రీ రాడికల్స్‌ను తట్టుకునే శక్తి తగ్గింది. అన్ని జీవుల్లో ఇలాగే ఉండదు, పాలిచ్చే ఎలుకల్లో కొన్ని అవయవాలకు నష్టం తగ్గిన సందర్భాలూ ఉన్నాయి. కోడి సంగతి వేరు, తన ఒంట్లోది తీసి గుడ్డులో పెడుతుంది.

నిరుడు ఎవరో చెబితే విని నా నల్లపెట్టను నేనూ పిల్లల నుంచి విడదీశాను. వరసగా మూడు విడతలు పెట్టింది. మూడో విడతలో సొన తెల్లబోయింది, రెండు తోలుగుడ్లు వచ్చాయి. మే నెల మధ్యాహ్నం నీళ్లతొట్టి పక్కన ముక్కు తెరిచి రొప్పుతూ నా చేతుల్లోనే పోయింది. ఎండదెబ్బ అన్నారు ఇంట్లోవాళ్లు. ఎండ కూడా ఒంట్లో ఫ్రీ రాడికల్స్‌ను పెంచేదే. అప్పటికే అరిగిపోయిన ఒళ్లు దాన్ని తట్టుకోలేకపోయిందని నా నమ్మకం. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధగానే ఉంది.

ఈసారి ఆ పేజీలో ఎన్ని గుడ్లు వస్తాయో రాసేటప్పుడు, పక్కనే రోజూ ఎంత పచ్చికూర వేయాలో, విడతకూ విడతకూ మధ్య ఎన్ని రోజులు వదలాలో పశువైద్యులను అడిగి రాయండి. ఎండలు ముదరకముందే వేయండి.

ఒక విశ్రాంత అధ్యాపకురాలు, హన్మకొండ