గోడ కన్నా ముందే మలుపు

సంపాదకులకు,

ప్రచ్ఛన్న యుద్ధం ముగింపు అనగానే అందరూ 1989లో బెర్లిన్ గోడ కూలడాన్నే చెబుతారు. నా లెక్కలో అసలు మలుపు అంతకు ముందే వచ్చింది. 1986 అక్టోబరులో ఐస్‌లాండ్ రాజధాని రెయిక్యావిక్‌లో క్షిపణులను అడ్డుకునే అమెరికా అంతరిక్ష రక్షణ పథకం దగ్గర పేచీ వచ్చి, అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచేవ్ ఒట్టి చేతులతో వెనుదిరిగారు. అయినా 1987 డిసెంబరు 8న వాషింగ్టన్‌లో మధ్యశ్రేణి క్షిపణులను ధ్వంసం చేసే ఒప్పందంపై సంతకాలు పెట్టారు. 'నమ్ము, కానీ సరిచూసుకో' అనే రష్యన్ సామెతను రీగన్ అక్కడా వల్లించారు. ప్రతి సమావేశంలోనూ ఇదే చెబుతారంటూ గోర్బచేవ్ నవ్వించారు. సరిచూసుకోవడం మాత్రం నిజంగానే జరిగింది: ఒకరి స్థావరాల్లోకి మరొకరి తనిఖీదారులు వెళ్లారు. 1991 నాటికి 2,692 క్షిపణులు ధ్వంసమయ్యాయి, అందులో 1,846 సోవియట్‌వే. ఆ ఏడాది చివరికి సోవియట్ యూనియనే లేదు. ఒప్పందం కూడా 2019లో రద్దయింది.

- ఒక పాఠకుడు, విజయవాడ